హద్దులు రాసేవాళ్లు

‘‘ఒరేయ్, రెండువేల ఒకటి పుస్తకం ఎక్కడ పెట్టావురా? నొక్కితే తెరుచుకోవట్లేదు.’’

ఫోన్లో తండ్రి గొంతు. 2020 వేసవి, లాక్‌డౌన్ రోజులు. కొడుకు హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో డైనింగ్ టేబుల్‌నే ఆఫీసు చేసుకుని కూర్చున్నాడు. తండ్రి గుంటూరు జిల్లాలోని సొంతూళ్లో ఉన్నాడు. మిగతా పుస్తకాలు బాగానే తెరుచుకుంటున్నాయట. ఎనభై రెండు తెరుచుకుంది, తొంభై ఆరు తెరుచుకుంది. రెండువేల ఒకటి ఒక్కటే మొరాయిస్తోందట.

‘‘రెండువేల రెండు చూడండి నాన్నా.’’

‘‘అదీ రావట్లేదు.’’

‘‘రెండువేలు?’’

‘‘ఉహూఁ.’’

కొడుక్కి అప్పుడే అనుమానం వచ్చింది. పైకి మాత్రం ‘‘కేబుల్ సరిగ్గా పెట్టినట్టు లేదు, సాయంత్రం చూద్దాం’’ అన్నాడు. కంప్యూటర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు భయపడినప్పుడు ముందు అనే మాట అదే.

ఆ తండ్రి దస్తావేజు లేఖరి. 1974 నుంచి 2004 దాకా, 31 ఏళ్లు, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట వేపచెట్టు కింద బల్ల వేసుకుని జనం ఆస్తుల కాగితాలు రాశాడు. ఏడాదికొక లాంగు నోటుపుస్తకం. స్టాంపు కాగితం మీద ఎక్కించే ముందు ప్రతి దస్తావేజునూ అందులో చిత్తుగా రాసుకునేవాడు. అసలు సంగతి చిత్తుప్రతిలో కాదు, దాని పక్క మార్జిన్‌లో ఉండేది. పొలం ఆకారం, బోదె ఎటు నుంచి ఎటు పోతుంది, డొంక ఎక్కడ మలుపు తిరుగుతుంది, గట్టు మీద ఏ చెట్టుంది... అన్నీ పెన్సిలు గీతల్లో. రిజిస్టరు అయిన కాగితంలో ఇవి ఉండవు. ఉండాల్సిన పనీ లేదు. కానీ పాతికేళ్ల తర్వాత ఇద్దరు అన్నదమ్ములు గట్టు దగ్గర కర్రలు పట్టుకుంటే, పెద్దమనుషులు వెతుక్కుంటూ వచ్చేది ఆ పెన్సిలు గీతల కోసమే.

ఇప్పుడు అలాగే ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు. 2001లో కొన్న 40 సెంట్ల చెక్కకు ఉత్తరాన బోదె ఉందని కాగితంలో ఉంది. బోదె జరిగిపోయిందని పక్క పొలం వాళ్లు, జరగలేదని ఈవిడ. ‘‘మీరే రాశారు గదయ్యా, మీకు తెలియదా’’ అని వాకిట్లో కూర్చుంది.

పుస్తకాలు ఉంటే సమస్యే లేదు. లేవు. చెదలు పట్టాయి. ఇంకా పాడవకముందే కాపాడదామని కొడుకు 2019 సంక్రాంతి సెలవుల్లో వచ్చి, ఆరువేలకు పైగా పేజీల్ని ఒక్కొక్కటిగా స్కాన్ చేశాడు. అన్నీ కలిపి 260 కోట్ల బైట్ల దాకా తేలాయి. ఆ తర్వాత చెదపురుగుల కట్టల్ని పాత పేపర్లవాడికి వేసేశారు. తల్లి అటక కడిగించింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

స్కాన్ చేసిన బొమ్మలన్నిటినీ ఒకే ఫైలుగా కట్టగట్టి, విడిగా ఒక డిస్కులో పెట్టాడు కొడుకు. ఏడాది నొక్కితే ఆ పుస్తకం తెరుచుకునేలా తండ్రి కోసం చిన్న ప్రోగ్రాము కూడా రాశాడు. ఇలా మూట కట్టడానికి యూనిక్స్ ప్రపంచంలో ‘టార్’ అనే పాత, నమ్మకమైన సాధనం ఉంది. అది ఉండగా సొంతంగా ఎందుకు రాశాడంటే... రాయడం వచ్చు గనక. వంట వచ్చినవాడు పెళ్లి భోజనంలో కూడా కూరలో ఉప్పు సరిచూస్తాడు, అలాంటిదే. మూట కట్టాక 1974 పుస్తకం తెరిచి చూశాడు. వచ్చింది. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక విడి బొమ్మలన్నీ చెరిపేశాడు.

ఆ సాయంత్రం దూరం నుంచే తండ్రి కంప్యూటర్లోకి వెళ్లి ఆ మూట ఎన్ని బైట్లుందో చూశాడు. 214 కోట్ల 74 లక్షల 79 వేల 552.

ఆ అంకె చూడగానే కథంతా అర్థమైపోయింది. 1974 నుంచి 1998 దాకా 25 పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. 1999ది సగం దాటాక తెగిపోయింది. 2000 నుంచి 2004 దాకా అయిదు పుస్తకాలు లేవు. ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చింది 1998 నవంబరులో. విచిత్రం చూడండి, కంప్యూటర్లు రాకముందు రాసినవన్నీ మిగిలాయి. వచ్చాక రాసినవే పోయాయి.

* * *

ఇంతకీ ఏం జరిగింది?

కంప్యూటర్లో ఏ ప్రోగ్రామూ తనంతట తాను డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో జనం ఎవరూ లోపలికి వెళ్లి దఫ్తరాల్లో రాసుకోలేనట్టే. కిటికీ దగ్గర నిలబడి అడగాలి. లోపల కూర్చున్న అధికారి కెర్నెల్. కిటికీ దగ్గర అడిగే ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్, కొత్త ప్రోగ్రామును నడుపు... ప్రతి పనికీ ఒక పిలుపు. నేటి లినక్స్‌లో ఇలాంటివి 300కు పైగా ఉన్నాయి.

ప్రతి పిలుపుకీ ఏదో ఒక హద్దు ఉంటుంది. ‘రైట్’ అనే పిలుపుకి లినక్స్‌లో ఉన్న హద్దు పైన చెప్పిన అంకే. ఒక్కసారికి 214,74,79,552 బైట్లు. అంతకంటే ఎక్కువ ఇస్తే అక్కడిదాకా రాసి ఆగిపోతుంది. 32 బిట్ల యంత్రమైనా, 64 బిట్ల యంత్రమైనా ఇదే హద్దు. కెర్నెల్‌లో పాత కోడు చాలాచోట్ల పొడవుల్ని 32 బిట్ల అంకెల్లోనే దాచుకుంటుంది. గుర్తుతో సహా అందులో పట్టే అతి పెద్ద అంకె 214,74,83,647. దాన్ని దాటితే లెక్క తిరగబడి మైనస్‌లోకి పోతుంది. ఆ ప్రమాదం లేకుండా, 4096 బైట్ల పేజీ లెక్కకు సరిపోయేలా కాస్త కిందకి దించి గీత గీశారు.

ఆగిపోయినప్పుడు కెర్నెల్ దొంగతనంగా ఏమీ ఊరుకోదు. జవాబు చెబుతుంది. ‘ఇన్ని బైట్లు రాశాను’ అంటుంది. మిగతావి మళ్లీ ఇచ్చి రాయించుకోవడం అడిగినవాడి పని. తప్పు జరిగితే మాత్రమే మైనస్ ఒకటి అని చెబుతుంది. కొడుకు రాసిన ప్రోగ్రాము ఆ మైనస్ ఒకటి కోసమే చూసింది. అది రాలేదు గనక అంతా అయిందనుకుంది.

మ్యాక్‌లో అయితే ఇదే పిలుపుకి కెర్నెల్ ఒక్క బైటు కూడా రాయదు, ‘చెల్లదు’ అని తిప్పి పంపేస్తుంది. విసుగ్గా ఉంటుంది గానీ ఆ విసుగే మేలు. సగం పని చేసి మర్యాదగా జవాబు చెప్పే అధికారికంటే, కాగితాలు మొహాన కొట్టేవాడి దగ్గర నష్టం తక్కువ.

మరి ఈ హద్దు సంగతి ఎక్కడైనా రాసి ఉందా? ఉంది. లినక్స్ మాన్యువల్‌లో ‘రైట్’ పేజీ తీసి కాస్త కిందికి వెళ్తే, అంకెతో సహా ఉంది.

రాత్రి పదకొండింటికి ఈ మాట చెప్పడానికి తండ్రికి ఫోన్ చేశాడు కొడుకు. ఏం జరిగిందో వీలైనంత తేలిగ్గా చెప్పాడు. అవతల కాసేపు నిశ్శబ్దం.

‘‘ఆ హద్దు రాసి ఉందా లేదా?’’ అడిగాడు తండ్రి.

‘‘ఉంది నాన్నా.’’

‘‘నువ్వు చదవలేదు.’’

‘‘లేదు.’’

‘‘కొనుగోలుదారు చదవకుండా సంతకం పెడితే లేఖరి ఏం చేస్తాడ్రా’’ అన్నాడాయన. కోపంగా కాదు. పోయిన పుస్తకాల గురించి మరి మాట్లాడలేదు. ‘‘ఇంతకీ అది రాసిందెవరు?’’ అని అడిగాడు. అంత చిన్న సంగతిని అంత కచ్చితంగా, అంకె తప్పకుండా రాసి పెట్టిన మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది ఆయనకు. సాటి లేఖరి కదా!

కొడుక్కి జవాబు తెలియదు. ఇరవై ఏళ్లుగా ఆ పేజీలు వాడుతున్నాడు. ఎవరు రాశారని ఎన్నడూ అనుకోలేదు.

* * *

యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. అమెరికాలోని న్యూజెర్సీ, మరే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాశారు. అప్పటికి యూనిక్స్ వయసు రెండేళ్లు. మొత్తం సిస్టమ్ కాల్స్ 34. ఒక్కోదానికీ ఒక్కో పేజీ. పేరు, వాడే పద్ధతి, ఏం చేస్తుందన్న వివరం, ఇంకా ‘బగ్స్’ అనే శీర్షిక. అంటే, ఇందులో ఉన్న లోపాలివీ అని తయారుచేసినవాళ్లే ఒప్పుకుని రాసుకునే చోటు. సరుకు అమ్మేవాడు సీసా మీద ‘ఇది అంత బాగా పనిచేయదు’ అని అచ్చేసుకున్నట్టు! ఆ శీర్షిక నేటికీ ఉంది.

అదే బృందంలో ఉన్న డగ్ మెకిల్‌రాయ్ తర్వాత మాన్యువల్ కూర్పుల బాధ్యత చూశాడు. కొత్త కూర్పు వచ్చే ప్రతిసారీ ల్యాబ్‌లో ఒకటే హడావుడి ఉండేదని ఆయన చెప్పేవాడు. ఒక వికారాన్ని కాగితం మీద పెట్టాల్సి వచ్చేసరికి రాసేవాడికే సిగ్గేసేదట. దీన్ని ఎలా అచ్చేస్తాం అని, వివరించడం కుదరని దాన్ని వివరించగలిగేలా మార్చేసేవాళ్లట. రాతకోసం వస్తువే బాగుపడిందన్నమాట.

అన్నీ బాగుపడలేదు. కొత్త ఫైలు పుట్టించే పిలుపు పేరు ‘క్రియేట్’. దాని ఇంగ్లిషు స్పెల్లింగులో చివరి ‘ఈ’ ఉండదు. యూనిక్స్‌ని మళ్లీ మొదటినుంచీ చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ‘ఈ’ చేరుస్తానన్నాడు థాంప్సన్. అర్ధ శతాబ్దం దాటింది. ఇంకా చేరలేదు.

లినక్స్ వచ్చాక దాని మాన్యువల్ పని 1993లో రిక్ ఫెయిత్ మొదలుపెట్టాడు. 1995 నుంచి ఆండ్రీస్ బ్రౌవర్ అనే డచ్చి గణిత శాస్త్రవేత్త చూశాడు. 2004లో ఆ బాధ్యత మైఖేల్ కెరిస్క్ చేతికొచ్చింది. పుట్టింది న్యూజీలాండ్‌లో, ఉండేది జర్మనీలోని మ్యూనిక్‌లో. ఇతరులకు పాఠాలు చెప్పే వృత్తి. కెర్నెల్‌లో కోడు రాసి పేరు తెచ్చుకోవాలనుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్లు రాసిన కోడు ఎక్కడిదాకా పనిచేసి ఎక్కడ ఆగుతుందో రాయడానికి మాత్రం మనిషి దొరకడు. ఆయన దొరికాడు.

ఆయన పద్ధతి దస్తావేజు లేఖరి పద్ధతే. అమ్మేవాడు చెప్పింది రాసుకుపోకుండా పొలం దగ్గరకెళ్లి చూడటం. కొత్త సిస్టమ్ కాల్ వస్తే చిన్న ప్రోగ్రామొకటి రాసి, దాన్ని అన్నివైపుల నుంచీ కదిపి చూసేవాడు. చెప్పిన మాటకీ చేసే పనికీ తేడా కనిపిస్తే కెర్నెల్ వాళ్లకు రాసేవాడు. ఫైళ్ల తేదీలు మార్చే ఒక పిలుపు ప్రమాణానికి విరుద్ధంగా నడుస్తోందని ఇలాగే బయటపడి, 2008లో సరిదిద్దారు. సరికానివీ ఉన్నాయి. నెట్‌వర్కు నుంచి ఒకేసారి చాలా సందేశాలు అందుకునే ఒక పిలుపు ఉంది. ‘ఇంతసేపే ఎదురుచూడు’ అని దానికి గడువు చెప్పవచ్చు. అయితే ఆ గడువు తీరిందా లేదా అని అది చూసుకునేది ఒక సందేశం అందాకే. ఇక సందేశమే రాకపోతే? ఎప్పటికీ కూర్చునే ఉంటుంది. బగ్స్ శీర్షిక కింద ఈ సంగతి సూటిగా రాసి ఉంది. బస్సు వచ్చినప్పుడే గడియారం చూసుకునే ప్రయాణికుడు!

2010లో ఆయన రాసిన ‘ద లినక్స్ ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్’ వచ్చింది. 1552 పేజీలు. దిండుగా పనికొస్తుందని జోకులు. కానీ అలాంటి పుస్తకం మరొకటి లేదు.

2020లో ఆయనకు తోడుగా అలెహాండ్రో కొలొమార్ చేరాడు, ఆ తర్వాత బాధ్యత తనే మోశాడు. 2024 సెప్టెంబరులో ఆయన ఒక ప్రకటన చేశాడు. ఇన్నేళ్లూ ఖాళీ సమయంలో, జీతం లేకుండా చేశాను, ఇక నావల్ల కాదు, ఆపుతున్నాను అని. ప్రపంచంలోని సర్వర్లలో అధికభాగం, జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ నడిచేది ఆ కెర్నెల్ మీద. దాని హద్దులు రాసే మనిషికి నెల జీతం లేదు. కొన్ని కంపెనీలు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాక పని మళ్లీ మొదలైంది. వేపచెట్టు కింద లేఖరికి దస్తావేజుకింత అని రుసుమైనా ఉండేది.

* * *

ఈ సంగతులన్నీ కొడుకు రోజూ రాత్రి ఫోన్లో తండ్రికి చెప్పేవాడు. లాక్‌డౌన్‌లో ఇద్దరికీ అదే కాలక్షేపం. మ్యాన్ పేజీల కబుర్లు మొదలవక ముందు ఆ ఫోన్లు ‘తిన్నారా, తిన్నాం’తో ముగిసేవి. (కొలొమార్ కథ మాత్రం నాలుగేళ్ల తర్వాతి మాట. ఆ ఫోన్లు అప్పటికీ ఆగలేదు.)

తండ్రికి బాగా నచ్చింది పాత హద్దుల్ని కొట్టివేయకుండా ఉంచే అలవాటు. ఒక ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు దానికి ఎంత పొడవు మాటలు అందించవచ్చన్నదానికి ఒక పరిమితి ఉంది. లినక్స్‌లో చాలాకాలం అది 128 కిలోబైట్లు. వేల ఫైళ్లున్న చోట ‘అన్నీ చెరుపు’ అంటే ‘జాబితా మరీ పొడవైంది’ అని తిరగబడేది. 2007లో వచ్చిన 2.6.23 కూర్పుతో దాన్ని స్టాక్ పరిమాణంలో నాలుగో వంతుకు మార్చారు. మామూలు యంత్రాల్లో రెండు మెగాబైట్లు. కానీ విడిగా ఒక్కో మాట మాత్రం ఇప్పటికీ 128 కిలోబైట్లు దాటకూడదు. మాన్యువల్‌లో కొత్త హద్దుతో పాటు పాత హద్దూ, అది మారిన కూర్పు నంబరూ రాసి ఉంటాయి. ఎవరి దగ్గర ఏ పాత యంత్రముందో తెలియదు కదా.

‘‘పాత సర్వే నంబరు పక్కన కొత్త నంబరు వేసినట్టు’’ అన్నాడు తండ్రి.

మారనే మారని హద్దులూ ఉన్నాయి. ఒకేసారి అనేక ఫైళ్ల మీదా నెట్‌వర్కు సంబంధాల మీదా కన్నేసి ఉంచే ‘సెలెక్ట్’ అనే పాత పిలుపు ఉంది. 1024 దగ్గర దాని కథ ముగుస్తుంది. నంబర్లు సున్నా నుంచి మొదలు కాబట్టి 1023 దాకానే సరి. ఆపై నంబరు ఇస్తే తప్పు అని చెప్పనైనా చెప్పదు, పక్కనున్న జ్ఞాపకాన్ని తొక్కుకుంటూ పోవచ్చు. ఇప్పటి అవసరాలకు ఇది అన్యాయంగా చిన్న హద్దనీ, అయినా మారబోదనీ, వేరే పిలుపులు వాడుకోండనీ మాన్యువల్ తేల్చి చెబుతుంది. ప్రభుత్వ కాగితాల్లో అరుదుగా కనిపించే నిజాయతీ ఇది.

మిగిలిన పుస్తకాలనైనా జాగ్రత్త చేద్దామని, ఈసారి ఏడాదికొక ఫైలుగా విడదీయడం మొదలుపెట్టాడు కొడుకు. ఒక్కో రాతకీ కెర్నెల్ చెప్పిన జవాబు చూసి, మిగిలింది మళ్లీ ఇచ్చి, చివర లెక్క సరిపోయిందా అని సరిచూసుకుంటూ. రెండేసి కాపీలు. అవి టార్‌తోనే.

‘‘పేర్లు మీరే చెప్పండి నాన్నా, తెలుగులో పెడతాను’’ అన్నాడు.

తండ్రి దస్తావేజు ఫణితిలో చెప్పాడు: ‘‘వెయ్యి తొమ్మిది వందల తొంభై ఎనిమిదో సంవత్సరంలో జనవరి మొదలు డిసెంబరు దాకా రాసిన శాశ్వత క్రయ దస్తావేజుల చిత్తు నకళ్లు.’’

అలాగే టైపు చేశాడు. ‘ఫైలు పేరు మరీ పొడవైంది’ అంది కెర్నెల్.

పదహారే మాటలు! లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకి 255 బైట్ల దాకా చోటుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అచ్చుకు మూడు, హల్లుకు మూడు, గుణింతం గుర్తుకు మూడు, వత్తు పెట్టడానికి వాడే పొల్లుకు మళ్లీ మూడు. తండ్రి చెప్పిన పేరు 312 బైట్లు తేలింది. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒక్క అక్షరమే. లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు.

అక్షరాల్ని ఇలా బైట్లుగా మార్చే పద్ధతి పేరు యూటీఎఫ్-8. 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, కంచం కింద వేసే కాగితం మీద దీన్ని గీసింది ఇద్దరు. ఒకరు రాబ్ పైక్. రెండోవాడు కెన్ థాంప్సన్. మొదటి మాన్యువల్ రాసిన ఆ థాంప్సనే! తెలుగు ఫైలు పేరు ఎక్కడ తెగుతుందన్నది ఆయన గీసిన రెండు గీతల మధ్య వ్యవహారమని గుంటూరు జిల్లాలో ఒక లేఖరికి తెలియడానికి 28 ఏళ్లు పట్టింది.

255 కూడా ఉదారమే. 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో ఫైలు పేరుకి దక్కింది 14 బైట్లు. సంచికలో ఒక్కో పేరుకి 16 బైట్ల గడి. అందులో రెండు ఫైలు నంబరుకి పోతే మిగిలింది 14. పేరు అంతకంటే పొడవైతే మాట్లాడకుండా తోక కత్తిరించేది. మొదటి 14 అక్షరాలూ ఒకటే అయిన రెండు ఫైళ్లుంటే, రెండోది మొదటిదాని మీద కూర్చునేది. 1983లో బర్క్‌లీ వాళ్ల 4.2 బీఎస్‌డీ దీన్ని 255కి పెంచింది. కానీ యూనిక్స్‌లన్నిటికీ ఉమ్మడి ఒప్పంద పత్రం లాంటి పోసిక్స్ ప్రమాణంలో ఆ 14 ఇంకా ఉంది. ఎవరెంత తక్కువ ఇచ్చినా అంతకు తగ్గకూడదని హామీగా.

కొడుకు ఆ 14తో లెక్కవేసి చూశాడు. ‘అమ్మ’ 12 బైట్లు, పడుతుంది. ‘నాన్న’ 15. ఒక్క బైటు ఎక్కువ.

ఆ సంగతి చెబితే తండ్రి ఫోన్లో చాలాసేపు నవ్వాడు. ‘‘అయితే నన్ను వాకిట్లో పడుకోమంటావు’’ అన్నాడు. పెట్టిన పేరు చివరికి ‘1998 చిత్తు’.

* * *

పెద్దావిడ సంగతి మిగిలింది. ఆమె రెండుసార్లు వచ్చి వెళ్లింది. పుస్తకం పోయిందని చెప్పడానికి లేఖరికి మనసు రాలేదు. ‘‘వెతుకుతున్నానమ్మా’’ అన్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం భోజనం మానేసి, కళ్లు మూసుకుని పడక్కుర్చీలో పడుకున్నాడు. సాయంత్రం కొడుక్కి తనే ఫోన్ చేశాడు.

‘‘కాగితం పెట్టుకో. రెండువేల ఒకటి, శ్రావణం. ఆవిడ మొగుడు గొడుగేసుకుని వచ్చాడు, వాన పడుతోంది. పొలం ఆకారం గుర్తొచ్చింది.’’

‘‘నాన్నా, ఇది కోర్టులో చెల్లుతుందా?’’

‘‘కోర్టుకెందుకురా! సర్వేయరు వచ్చినప్పుడు గొలుసు ఎక్కడినుంచి వేయాలో చెప్పడానికి. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే హద్దుల మాటే నిలబడుతుంది. రాయి.’’

కొడుకు కొత్త ఫైలు తెరిచాడు. పేరు ‘2001 జ్ఞాపకం’ అని పెట్టాడు. ప్రతి వాక్యానికీ భద్రపరచమన్నాడు, భద్రపరిచిందో లేదో చూసుకున్నాడు.

‘‘దక్షిణం డొంక. పడమర మునసబు గారి మాగాణి. ఉత్తరం బోదె. బోదెకీ గట్టుకీ మధ్య ఒక మనిషి నడిచే దారి వదిలారు, అది పెన్సిలుతో గీశాను, బాగా గుర్తు.’’

‘‘తూర్పు?’’

‘‘తూర్పున గట్టు మీద చింతచెట్టు.’’

‘‘చింతచెట్టు’’ టైపు చేస్తూ అన్నాడు కొడుకు. ‘‘అది తుపానుకి పడిపోయిందని మొన్న అమ్మ చెప్పింది కదా.’’

‘‘పడిపోయింది. అదీ రాయి. ఏ ఏడు పడిందో కూడా రాయి.’’